మానని వారి సమావేశం

ఏ కాగితం చేతికి వచ్చినా అతను ముందు దాన్ని తలకిందులు చేసి చూస్తాడు. బస్సు టికెట్టు, మందుల చీటీ, శుభలేఖ, కరెంటు బిల్లు, ఏదైనా సరే. జానెడు దూరంలో పట్టుకుని, ఎడమ కన్ను సగం మూసి, కింది నుంచి పైకి చూస్తాడు. ఆ తర్వాతే తిప్పి చదువుతాడు. నిటారుగా ఉన్న వాక్యం మనిషిని మాటల్లో పెట్టి మోసం చేస్తుందని, తలకిందులైన వాక్యానికి నోరు ఉండదని, అప్పుడు అక్షరాలు మాత్రమే కనిపిస్తాయని అతని సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే. మనుషుల్ని కూడా అలాగే చూశాడు. వాళ్ళు చెప్పేది వినకుండా తప్పులు మాత్రం ఏరుకున్నాడు.

అతను ప్రూఫ్ రీడరు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే ప్రెస్సు, ఒకే కిటికీ, ఒకే కుర్చీ. కుర్చీ మీద దిండు రెండుసార్లు మారింది. ప్రెస్సులో అందరూ అతన్ని పొల్లు అంటారు. పొల్లు పడని అక్షరాన్ని గది అవతల నుంచే పట్టేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను అనుకుంటాడు. గింజ లేని పొట్టును కూడా పొల్లే అంటారని మిగతావాళ్ళకు గుర్తుంది.

అతని దృష్టిలో రచయితలంటే అక్షరాలు దిద్దుకునే ఓపిక లేనివాళ్ళు. కవులంటే వాక్యం పూర్తి చేయడానికి బద్ధకించేవాళ్ళు. టైపు చేసే డీటీపీ ఆవిడ పది వేళ్ళున్న ప్రమాదం. ప్రెస్సు యజమాని సంతకం తప్ప ఏమీ రాయడు కాబట్టి అందరిలోకీ నయం. ఉదయం ఎనిమిదిన్నరకు పనికి వచ్చే దారిలో ఒక క్వార్టరు తాగుతాడు. మధ్యాహ్నం ఒకటి. సాయంత్రానికి కొలత లేదు. ఉదయపుది తాగుడు కిందికి రాదని, కళ్ళజోడు తుడుచుకోవడం లాంటిదని చెప్పేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

భార్య అదే ప్రెస్సులో బైండింగు బల్ల దగ్గర పనిచేస్తుంది. అచ్చయిన ఫారాలు మడవడం, వరస పెట్టడం, కట్టలు కట్టడం ఆమె పని. ఇద్దరి మధ్యా రెండు గదులు, ఒక మెషీను. ఇంట్లో అంతకన్నా ఎక్కువ దూరం. ఏదైనా కావాలంటే ఆమె చీటీ రాసి అతని చొక్కా జేబులో పెట్టేది. ఒకసారి "సబ్భు, ఉప్పు, అగిపెట్టె" అని రాసింది. సాయంత్రం చీటీ తిరిగి వచ్చింది. భ కింద ఎర్రగీత, అగి పక్కన ఒత్తు, మార్జిన్‌లో ఒక ప్రశ్నార్థకం. సబ్బు రాలేదు. ఉప్పులో తప్పు లేదు గానీ ఉప్పు కూడా రాలేదు.

ఒక ఆదివారం పొద్దున టీ తాగుతుండగా అతని చేతిలో గ్లాసు పళ్ళేనికి కొట్టుకుని టకటకమంది.

"చేతులు చూసుకోండి," అంది ఆమె. "గ్లాసు వాయిస్తున్నారు."

"చెయ్యి వణికితే వణకనీ. కన్ను వణకదు."

"అంత నమ్మకమా?"

"నా కన్ను దాటి ఒక్క తప్పు అచ్చులోకి పోయిందని చూపించు. నువ్వు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతాను. ఏదో అంటుంటావే, మానేసిన మహానుభావుల సంఘం, దానికైనా సరే."

"మాటేనా?"

"అచ్చేసుకో."

అచ్చు వేసుకోలేదు గానీ ఆమె దాన్ని మరిచిపోలేదు. మర్నాటి నుంచి మడిచే ప్రతి ఫారాన్నీ చదవడం మొదలుపెట్టింది. ఏడో తరగతి చదువు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేది. భూమి హక్కుల చట్టం చదివింది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చదివింది. తేనెటీగల పెంపకం మీద నూట అరవై పేజీలు చదివింది. పక్కన కూర్చునే ఆడవాళ్ళు "ఏంటమ్మా, కలెక్టరు పరీక్ష రాస్తున్నావా" అని నవ్వేవాళ్ళు. ఏడు నెలలు గడిచాయి. మొగుడి తప్పు కోసం ఇంత శ్రద్ధగా చదివిన ఆడది ఇంకొకతె ఉండదు.

ఎనిమిదో నెలలో రెండు వేల కరపత్రాలు ఆమె బల్ల మీదికి వచ్చాయి. ఇరవై కట్టలు కట్టాలి. మొదటి వరసే పెద్ద అక్షరాల్లో ఉంది. మద్యం మానని వారి సమావేశం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు. పాత కోర్టు వెనుక, డ్రైవింగ్ స్కూలు పై గది. అందరూ ఆహ్వానితులే.

ఆమె వేలు రెండో మాట దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది. మానిన వారు అని ఉండాలి. న మీది గుడి జారి పక్క న మీద కూర్చుంది. మానినవాళ్ళు మాననివాళ్ళు అయిపోయారు.

వెంటనే వెళ్ళి యజమానికి చెప్పాలి. ఆమె చెప్పలేదు. ఒకటి మడిచి అన్నం సంచిలో పెట్టుకుంది. ఇరవై కట్టలూ తాడు బిగించి కట్టింది. అది తప్పే, ఆమె కాదనదు.

ఆ సాయంత్రం కరపత్రం అతని ముందు పెట్టింది. అలవాటు ప్రకారం తలకిందులు చేశాడు. ఏమీ కనిపించలేదు. తిప్పి చదివాడు. ముఖం మాడింది.

"ఒకడి టోపీ తీసి పక్కవాడి నెత్తిన పెట్టారు," అంది ఆమె. గుడిని ఆమె చిన్నప్పటి నుంచీ టోపీ అనే అనుకుంటుంది.

"ఆ డీటీపీ దాని పని."

"ప్రూఫ్ కింద సంతకం ఎవరిది?"

"ఇదేమన్నా గ్రంథమా? కరపత్రం. నలిపి పారేసే కాగితం."

"కన్ను వణకదన్నారు. కరపత్రానికి వణుకుతుందని అనలేదు."

నిజానికి ఆ ప్రూఫ్‌ను అతను తలకిందులు కూడా చేయలేదు. తాగుబోతులు అచ్చేయించుకునే కాగితానికి అంత మర్యాద ఎందుకనుకున్నాడు. పైగా అది మాయదారి రకం తప్పు. పదం చెడితే కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది. మంచి పదం ఇంకో మంచి పదంగా మారితే దొంగ ఇంటివాడి చొక్కా వేసుకుని నడిచి వెళ్ళినట్టే, ఎవరూ ఆపరు. అతని ఉద్యోగం అలాంటివాణ్ణి ఆపడమే.

ఇచ్చిన మాట ప్రకారం వెళ్ళాలి. మొదటి శుక్రవారం జలుబు చేసింది. రెండో శుక్రవారం వాన. మూడో శుక్రవారం జలుబూ లేదు, వానా లేదు, పని ఎక్కువైంది. నాలుగో శుక్రవారం మాననివాళ్ళ సమావేశానికి తాను రోజూ వెళ్తూనే ఉన్నానని, దుకాణం పేరు చెప్పి, తన హాస్యానికి తానే నవ్వాడు. ఐదో శుక్రవారం ఏ కారణమూ చెప్పలేదు.

ఆరో గురువారం ఆమె గుమ్మం పక్కన ఒక సంచి పెట్టింది. నాలుగు చీరలు, దువ్వెన, రేషన్ కార్డు నకలు.

"రేపు వెళ్ళకపోతే ఎల్లుండి నుంచి నేను చెల్లెలి దగ్గర ఉంటాను. ప్రెస్సుకి అక్కణ్ణుంచే వస్తాను. ఇక మీ చీటీలు మీరే రాసుకోండి, మీరే దిద్దుకోండి."

"బెదిరింపా?"

"కాదు. సంచి."

శుక్రవారం ఐదున్నరకు బయలుదేరాడు. మధ్యాహ్నపుది ఒంట్లో ఇంకా ఉంది. పాత కోర్టు వెనుక రెండు డ్రైవింగ్ స్కూళ్ళున్నాయి. కరపత్రంలో ఏ స్కూలో లేదు. అది కూడా తాను పట్టుకోవలసిందే. మొదటిదానికి పై గది లేదు, పైన రేకులే ఉన్నాయి. రెండోది ఎక్కడుందో తెలియదు. అడగడం అతనికి చేతకాదు. ఇరవై ఆరేళ్ళుగా అందరూ వచ్చి అతన్నే అడుగుతారు, దీర్ఘమా హ్రస్వమా అని. ఇప్పుడు పండ్లబండి అతన్ని ఆపి, బాబూ, తాగుడు మానేవాళ్ళు ఎక్కడ కలుస్తారు అని అడగాలి. బండివాడు ముందు ముఖం చూస్తాడు, తర్వాత వాసన చూస్తాడు, ఆ తర్వాత దారి చెబుతాడు. ఆ వరస తలుచుకుని అతను కోర్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి తిరుగుతుంటే గేటు దగ్గరి కాపలాదారు "ఏంటి సార్, వాయిదా ఉందా" అన్నాడు.

సిగ్గు లేకుండా నిలబడగలిగిన చోటు ఒక్కటే ఉంది. కోర్టు మూల మీద మద్యం దుకాణం. వెళ్ళి నిలబడ్డాడు. ఇనుప జాలీ వెనుక దుకాణదారు తలెత్తకుండా చెయ్యి చాపాడు.

"ఏంటి?"

"ఏమీ వద్దు. ఒక అడ్రసు."

దుకాణదారు తలెత్తాడు. ఏమీ వద్దనే మనిషి ఆ జాలీ ముందుకు ఎప్పుడూ వచ్చి ఉండడు. పొల్లు కరపత్రం చూపించాడు. దుకాణదారు ముఖం విచ్చుకుంది.

"ఇదా గురువుగారూ! ఇటు చూడండి."

జాలీ లోపల, సీసాల అరల పైన, అదే కరపత్రం అంటించి ఉంది. మానని వారి సమావేశం. కింద డ్రైవింగ్ స్కూలు అన్నచోట పెన్నుతో కొట్టేసి "ఇచ్చటనే" అని రాశారు.

"ఎవరో పంచుతూ ఇచ్చి వెళ్ళారు. ఇంత మంచి బోర్డు నేను డబ్బిచ్చి రాయించినా రాదు. జనం నవ్వుకుంటూ కొంటున్నారు."

పక్కన నిలబడిన ఆటో డ్రైవరు సీసా చంకలో పెట్టుకుని అన్నాడు. "అన్నా, ఇంకా మెంబరు కాలేదా? ఫీజు కట్టి లోపలికి రా."

పొల్లు నవ్వలేదు. ఇరవై ఆరేళ్ళలో తన సంతకంతో వెళ్ళిన వేల పేజీల్లో ఏ ఒక్కదాన్నీ ఎవరూ గోడకు అంటించుకోలేదు. దీన్ని అంటించుకున్నారు. "ఇచ్చటనే" అన్న మాటలో మాత్రం తప్పు లేదు.

"అసలుది ఎక్కడ?" అన్నాడు.

"ఆ సందులో, టైర్ల కొట్టు పక్కన. మెట్లు చీకటి, చూసుకుని ఎక్కండి. దిగేటప్పుడు ఇటే రండి, తీసే ఉంటాను."

మెట్లు చీకటిగానే ఉన్నాయి. పై గదిలో ట్యూబ్‌లైటు, గోడ నిండా రోడ్డు గుర్తుల పటాలు. ఎడమకు మలుపు, వంతెన ఇరుకు, హారను కొట్టరాదు. పన్నెండు కుర్చీలు. ఒకటి తప్ప అన్నీ నిండాయి. ఆ ఒక్కటి, కొత్తవాళ్ళకు నేర్పడానికి ఇనుప స్టాండుకు బిగించిన స్టీరింగు చక్రం ముందు ఉంది. ఆరుంపావు అయింది. అందరూ తలలు తిప్పారు.

"రండి, రండి. ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది," అన్నాడు పెద్దాయన. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ సంఘాన్ని నడిపేది ఆయనే. కరపత్రం అచ్చుకు ఇచ్చిందీ ఆయనే.

పొల్లు స్టీరింగు ముందు కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక చక్రం మీద పెట్టాడు. వదులైన చక్రం గలగల చప్పుడు చేసింది. తీసేశాడు.

ఏమి జరుగుతుందని ఊహించుకుని వచ్చాడో అదే జరిగింది. ఒకాయన లేచి తన కథ చెప్పాడు. కథలో మూడు చోట్ల క్రియ లేదు. ఇంకొకాయన "అలవాటు" అనాల్సిన చోట ప్రతిసారీ "అలావాటు" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకడు, తాను మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య లిఫ్టులో ఇరుక్కుని, ఆ గంటన్నరలో మొదటిసారి తాగకుండా ఉన్నానని చెప్పాడు. అందరూ నవ్వారు. ఈ వెర్రిబాగుల సభ కోసమా అయిదు వారాలు దడిసింది అనుకున్నాడు పొల్లు. వచ్చానని భార్యకు చెప్పడానికి ఇంత చాలు. లేవబోయాడు. కానీ తప్పు చెప్పకుండా వెళ్ళడం అతని వల్ల కాదు.

"మీ కరపత్రంలో తప్పుంది," అన్నాడు. "మానిన అని ఉండాలి. మానని అని పడింది."

"అవును కదూ!" అన్నాడు కండక్టరు. నెత్తి కొట్టుకుంటాడనుకుంటే చేతులు రుద్దుకున్నాడు. "బాబూ, పాత కాగితంలో మానిన అనే ఉండేది. దాంతో రెండేళ్ళు నడిపాను. ఎంతమంది వచ్చారనుకున్నారు? ముగ్గురం. ముగ్గురమూ మానేసినవాళ్ళమే. నాకు నాలుగేళ్ళయింది, నీకు మూడేళ్ళే కదా అని పోటీలు పడి ఇంటికి పోయేవాళ్ళం."

"మరి ఇప్పుడు?"

"ఇది పంచిన మొదటి వారమే నలుగురు వచ్చారు. ఒకాయన సీసాతోనే వచ్చాడు. ఏంటయ్యా అంటే, మాననివాళ్ళకే అన్నారు కదా అన్నాడు."

"నేనే అది," అన్నాడు లిఫ్టు మెకానిక్కు. "మానిన వారి అని ఉంటే నేనెందుకొస్తాను? నాకు అర్హత లేదుగా."

"అయినా తప్పు తప్పే," అన్నాడు పొల్లు.

"ఏ ప్రకారం? మానని అనే మాట లేదా?" అన్నాడు మెకానిక్కు.

"ఉంది."

"మేం మానేశామా? మానలేదు. మరి తప్పెక్కడ?"

వాదనలో ఓడిపోవడం పొల్లుకు కొత్త. అందులోనూ లిఫ్టులు బాగుచేసేవాడి చేతిలో.

"వచ్చే వారం మళ్ళీ వేయిస్తున్నాం, అదే మాటతో," అన్నాడు కండక్టరు. "అయితే ఒకటి. ఆ ప్రూఫ్ చూసినవాడెవడో గాని, పట్టపగలే ఫుల్లు బాటిలు మీద ఉండి ఉంటాడు."

గది గొల్లుమంది. హారను కొట్టరాదన్న పటం కింద కూర్చున్నాయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"ఫుల్లు కాదు," అన్నాడు పొల్లు. "క్వార్టరు."

ఆలోచించి అన్న మాట కాదు. తప్పు వినబడింది, దిద్దాడు. నాలుక అలవాటు. గదిలో నవ్వు ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయింది.

"పొద్దునా?" అంది ఒకామె. ఆసుపత్రిలో నర్సు, తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"ఎనిమిదిన్నరకి."

"రోజూనా?"

"ఆదివారం తొమ్మిదికి."

"ఎన్నాళ్ళుగా?"

అతను లెక్క వేశాడు. తప్పు చెప్పడం ఇష్టం లేదు. "పదకొండేళ్ళు. పన్నెండో ఏడు నడుస్తోంది."

"అయితే రేపే ఒక్కసారిగా ఆపేయకండి. ఒళ్ళు తిరగబడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. సోమవారం ఆసుపత్రికి రండి, డాక్టరుకి చూపిస్తాను." ఒక కాగితం ముక్క మీద గది నంబరు రాసి ఇచ్చింది. "సోమారం" అని రాసింది. అతను కాగితం జేబులో పెట్టుకున్నాడు. దిద్దకపోవడం మంచితనం కాదు. పెన్ను తీస్తే చెయ్యి వణకడం అందరూ చూస్తారు.

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. సంచి గుమ్మం పక్కనే ఉంది.

"దొరికిందా?" అంది భార్య.

"దొరికింది."

"ఏమన్నారు?"

"తప్పే బాగుందట. అదే మళ్ళీ అచ్చేయమంటారట. బుద్ధిలేని మంద."

"మీరేమన్నారు?"

చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. తర్వాత జరిగింది చెప్పాడు. ఫుల్లు, క్వార్టరు, పన్నెండో ఏడు.

"ఒక్క తప్పు," అన్నాడు చివర. "ఇరవై ఆరేళ్ళలో ఒక్కటి. దానికి ఇంత."

ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. అతను అప్పుడే భయపడ్డాడు.

"ఇంకా ఉన్నాయా?"

"భౌతికశాస్త్రంలో ఒకటి అనుకుంటాను. వస్తువు పరువు అని ఉంది. బరువు కదా?"

"పరువా?"

"పరువే. నలభై మూడో పేజీ. తేనెటీగల దాంట్లో రెండు ఉన్నట్టున్నాయి."

"ఎప్పుడు చూశావు?"

"వేసంగిలో."

"మరి చెప్పలేదేం? మాట గెలిచేదానివిగా."

"ఖచ్చితంగా తెలిస్తే కదా. నాకు అక్షరాలు రావని ఇన్నేళ్ళుగా మీరే కదా అంటున్నది. అలా కూడా ఉంటుందేమో అనుకున్నాను, వస్తువుకి పరువు. ఈ కరపత్రం ఒక్కటే నాకు గట్టిగా తెలిసింది. మానడం మానకపోవడం నాకు తెలిసిన విషయం."

పిల్లలు బళ్ళో కూర్చుని వస్తువు పరువు అని గట్టిగా చదువుతూ ఉండి ఉంటారు. కిలోగ్రాముల్లో. అతను అది ఊహించుకున్నాడు. ఆమె సంచి తీయలేదు, విప్పలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకు దుకాణం తీసే ఉంది. ఒక్కసారిగా ఆపకూడదని నర్సు చెప్పింది కదా అనుకున్నాడు. ఆమె చెప్పినదాంట్లో తనకు పనికొచ్చే వాక్యాన్ని మాత్రం అక్షరం పోకుండా గుర్తుపెట్టుకున్నాడు. సగం తాగి, సగం వదిలేశాడు. వదిలేసిన సగాన్ని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ప్రెస్సులో తన కుర్చీ దగ్గరికి పోకుండా నేరుగా యజమాని గదికి వెళ్ళాడు.

"ఈరోజు నుంచి నా ప్రూఫులు అచ్చుకి పోయే ముందు మా ఆవిడ కూడా చూడాలి."

యజమాని కళ్ళజోడు తీశాడు. "ఎవరు, బైండింగులో ఆవిడా? ఎంత చదివింది?"

"ఏడు."

"నీకేమన్నా పిచ్చా? ఆవిడకి ఒత్తులు రావని ప్రెస్సంతా చెప్పుకు తిరిగింది నువ్వే కదయ్యా."

"రావు. ఇప్పటికీ రావు. కానీ ఏం రాసుందో చూస్తుంది. నేనది చూడటం మానేసి చాలా ఏళ్ళయింది. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం, నలభై మూడో పేజీ తీయించండి."

యజమాని ముఖం ఎలా మారిందో చూడటానికి ఆగలేదు. తన బల్ల మీద ఉన్న ప్రూఫుల్లో అన్నిటికన్నా పైన ఉన్నది తీసుకున్నాడు. ఏదో సహకార సంఘం నియమావళి. దాన్ని పట్టుకుని మెషీను పక్కగా, రెండు గదులు దాటి బైండింగు బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఆడవాళ్ళు మడవడం ఆపారు. ఒకామె మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రూఫు భార్య ముందు పెట్టాడు.

"చదువు," అన్నాడు. తర్వాత, ఆ మాట తనకే నచ్చనట్టు, "చదివి చెప్పు," అన్నాడు.

ఆమె చేతులకంటిన జిగురు తుడుచుకుంది. మొదటి వరస మీద వేలు పెట్టింది. ఆమె చదవడం చాలా నిదానం. కూర్చోవడానికి అక్కడ ఇంకో స్టూలు లేదు. అతను చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె పెదవులు కదలడం చూస్తూ, పన్నెండు పేజీలు అయ్యేదాకా నిలబడ్డాడు.